దూరం నుంచి ఆజ్ఞ: ఇచ్చింది ఎవరు?

మీరు కళాశాలలో ఉన్నారు. ఇంటి దగ్గర నీళ్ల మోటారు ఆపడం మరచిపోయారు. మోటారు స్విచ్చికి ఒక చిన్న కంప్యూటరును తగిలించి ఉంచితే, ఇక్కడి నుంచే 'ఆగు' అని ఆజ్ఞ పంపవచ్చు. ఆజ్ఞ చేరడం నేడు పెద్ద కష్టమేమీ కాదు. కాని దాన్ని పంపింది మీరేనని ఇంట్లోని కంప్యూటరుకు ఎలా తెలుస్తుంది? ఈ ప్రశ్నకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అందులో రెండు ఘట్టాలు కోల్‌కతాకు చెందినవి.

మోగిన గంట

1895లో కలకత్తాలో ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ ఒక బహిరంగ ప్రదర్శన ఇచ్చారు. తీగలేవీ లేకుండా, కంటికి కనిపించని విద్యుదయస్కాంత తరంగాలతో దూరాన ఉన్న గంటను మోగించారు, తుపాకిమందును పేల్చారు. మధ్యనున్న గోడలు ఆ తరంగాలను ఆపలేకపోయాయి. అయితే ఆ గంటకు తెలిసింది ఒక్కటే: తరంగం వచ్చిందా, లేదా? పంపింది బోసా, మరొకరా అన్నది దానికి పట్టదు.

ఈ లోపం ఎంత ఇబ్బంది పెడుతుందో 1903 జూన్‌లో లండన్‌లో తేలింది. రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఫ్లెమింగ్ అనే శాస్త్రజ్ఞుడు మార్కోనీ నిస్తంత్రీ విధానాన్ని సభికులకు చూపబోతున్నాడు. మార్కోనీ సందేశం రాకముందే యంత్రం ఎగతాళి మాటలను టకటకా కొట్టడం మొదలుపెట్టింది. నెవిల్ మాస్కెలిన్ అనే ఐంద్రజాలికుడు దగ్గరలో మరో ప్రసారిణి పెట్టి వాటిని పంపాడు! వినే యంత్రానికి ఇద్దరి స్వరమూ ఒక్కటే.

సంకేతపదం వచ్చింది

1960ల దశకం ప్రారంభంలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కార్బాటో బృందం ఒకే కంప్యూటరును పలువురు పంచుకునే ఏర్పాటు చేసింది. ఎవరి దస్త్రాలు వారికే దక్కేందుకు ఒక్కొక్కరికి ఒక పాస్‌వర్డు, అంటే సంకేతపదం, ఇచ్చారు. కొన్నేళ్లకే ఒక పొరపాటు వల్ల, కంప్యూటరు ముందు కూర్చున్న ప్రతివారికీ ఆనాటి ప్రకటనకు బదులు అందరి సంకేతపదాల పట్టిక ప్రత్యక్షమైంది. ఇద్దరికి తెలిసిన రహస్యం రహస్యంగా మిగలదన్న మాట ఇక్కడా నిజమైంది.

కంప్యూటర్లు నెట్‌వర్కులతో ముడిపడ్డాక ప్రమాదం పెరిగింది. టెల్‌నెట్ వంటి పద్ధతుల్లో సంకేతపదం తీగ వెంట ఉన్నదున్నట్లే ప్రయాణించేది. 1995లో ఫిన్లండ్‌లోని హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో ఎవరో పొంచి ఉండి అలాంటి సంకేతపదాలను పోగుచేశారు. అక్కడి పరిశోధకుడు తాతు ఇలోనెన్ దీనికి విరుగుడుగా సెక్యూర్ షెల్ (ఎస్.ఎస్.హెచ్.) అనే ప్రోగ్రాము రాసి, అదే ఏడు జూలైలో అందరికీ ఉచితంగా ఇచ్చాడు. సంభాషణ మొత్తాన్నీ అది గుప్తలిపిలోకి మారుస్తుంది. అంతేకాదు, సంకేతపదం అవసరమే లేకుండా మనిషిని గుర్తుపట్టగలదు.

చెప్పకుండా నిరూపించడం

రహస్యాన్ని బయటపెట్టకుండానే అది మన దగ్గర ఉందని ఎలా నిరూపిస్తాం? దీనికి దారి చూపింది 1976లో డిఫీ, హెల్‌మన్ ప్రకటించిన బహిరంగ కీ భావన. మరుసటి ఏడు రివెస్ట్, షమీర్, ఎడిల్‌మన్ దాన్ని ఆచరణలో పెట్టే ఆర్.ఎస్.ఎ. పద్ధతిని రూపొందించారు. పెన్సిలు తీసుకోండి, మనమూ చేసి చూద్దాం.

3, 11 అనే ప్రధాన సంఖ్యలను గుణిస్తే 33. మీ బహిరంగ కీ: 33, 3. దీన్ని ఇంట్లోని కంప్యూటరుకు ముందే ఇచ్చి ఉంచారు. మీ రహస్య కీ: 7. ఇది మీ దగ్గరే ఉంటుంది. ఇంటి కంప్యూటరు '2' అని ఒక ప్రశ్న పంపింది. మీరు 2ను ఏడుసార్లు వేసి గుణిస్తే 128. దాన్ని 33తో భాగిస్తే శేషం 29. ఈ 29ని పంపారు. ఇంటి కంప్యూటరు 29ని మూడుసార్లు వేసి గుణిస్తే 24,389. దాన్ని 33తో భాగిస్తే శేషం 2. తాను అడిగిన సంఖ్యే తిరిగి వచ్చింది, తలుపు తెరిచింది! 7 అనే సంఖ్య మాత్రం ఎక్కడికీ వెళ్లలేదు.

33ను 3, 11గా విడదీయడం పిల్లలకూ తెలుసు. అలా విడదీస్తే 7 బయటపడుతుంది. అందుకే అసలు వాడుకలో ఆరువందలకు పైగా అంకెలున్న సంఖ్యలను తీసుకుంటారు. వాటిని విడదీసే సులభమార్గం నేటి కంప్యూటర్లకు లేదు. ప్రశ్న ప్రతిసారీ మారుతుంది కనుక నేటి జవాబును దొంగిలించినా రేపు పనికిరాదు.

సాల్ట్ లేక్‌లో

1977 జూన్‌లో, ఆర్.ఎస్.ఎ. పుట్టిన ఏడే, కోల్‌కతా తూర్పున సాల్ట్ లేక్‌లోని సైక్లోట్రాన్ తొలి కణపుంజాన్ని ఇచ్చింది. చిత్తడి నేలను హుగ్లీ నది పూడికమట్టితో మెరక చేసి కట్టిన పట్టణమది; అధికారిక నామం బిధాన్‌నగర్. బోస్ స్థాపించిన సంస్థకూ అక్కడ ఒక ప్రాంగణం ఉంది.

ఆ వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ సెంటర్ తర్వాతి కాలంలో జెనీవాలోని సెర్న్ సంస్థ 'ఆలిస్' ప్రయోగానికి రెండో అంచె గణన కేంద్రమైంది. సెర్న్ దత్తాంశం ఒక్కచోట లెక్కకట్టలేనంత ఎక్కువ. అందుకే దాన్ని గ్రిడ్ పేరిట అనేక దేశాల కంప్యూటర్లకు పంచారు. ఎక్కడో ఉన్న శాస్త్రజ్ఞుడి పని వందల కంప్యూటర్లలో అర్ధరాత్రి నడవాలంటే ప్రతిచోటా సంకేతపదం కొట్టేదెవరు? గ్రిడ్ నిర్మాతలు కీల మీద ఆధారపడిన ధ్రువపత్రాలను ఎంచుకున్నారు. మరో జాగ్రత్తా తీసుకున్నారు: అసలు రహస్య కీ యజమాని దగ్గరే ఉంటుంది, పని వెంట వెళ్లేది కొద్ది గంటల్లో చెల్లిపోయే తాత్కాలిక పత్రం. అది దొంగ చేతికి చిక్కినా నష్టానికి గడువుంటుంది.

మీ ఇంటికి పాఠం

తెల్లవారుజామున నాలుగింటికి తనంతట తానే దీపం ఆర్పే ప్రోగ్రాముకూ ఇదే సమస్య. సంకేతపదం కొట్టడానికి అక్కడ మనిషి ఉండడు. దాన్ని ప్రోగ్రాములోనే రాసిపెడితే చదివినవారందరికీ తెలిసిపోతుంది. కనుక కీల జత తయారుచేయండి. బహిరంగ కీని ఇంటి కంప్యూటరులో అనుమతి పొందిన కీల జాబితాకు చేర్చండి. కొత్త కీ పనిచేస్తోందని చూసుకున్నాక, సంకేతపదంతో ప్రవేశాన్ని మూసివేయండి. ఒక్కో పరికరానికి ఒక్కో కీ ఇవ్వండి. ఫోను పోతే జాబితాలో ఆ ఒక్క వరుస కొట్టివేస్తే చాలు. అన్నిటికంటే ముఖ్యం: ఆ కీతో 'దీపం ఆర్పు' అన్న ఒక్క ఆజ్ఞే నడిచేలా కట్టడి చేయండి. ఎస్.ఎస్.హెచ్.లో ఆ వీలుంది.

ఇంత జాగ్రత్త ఎందుకంటారా? 2016లో 'మిరాయ్' అనే దుష్ట ప్రోగ్రాము ఇళ్లలోని కెమెరాలను, రౌటర్లను వెతికి, కర్మాగారంలో పెట్టిన సంకేతపదాలనే ప్రయత్నించి లక్షల పరికరాలను లోబరచుకుంది. ఆ ఏడు అక్టోబరులో వాటితో జరిగిన దాడి వల్ల అమెరికాలో ట్విట్టర్ వంటి పేరున్న సైట్లు కొన్ని గంటలపాటు అందలేదు. కెమెరాల యజమానులకు ఆ సంగతే తెలియదు. మీ ఇంటి తాళం మీ ఇంటిని మాత్రమే కాపాడదు. మీ ఇంటి పరికరం ఊరిమీద పడకుండా కూడా చూస్తుంది.

బోస్ గంట ఎవరు పిలిచినా మోగింది. మీ మోటారు మీరు చెబితేనే ఆగాలి, అదీ మీరు అనుమతించినంత మేరకే.