ధ్యాసకు కొలత

విజయదశమి మరునాడు తెల్లవారేసరికి మా క్యాజువాలిటీ పసుపు వాసనతో నిండిపోయేది. హొళగుంద దగ్గర దేవరగట్టులో మాళ మల్లేశ్వరుడి ఉత్సవమూర్తుల కోసం రాత్రంతా కర్రల సమరం. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు ఒక పక్షం, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇంకో పక్షం. తల పగిలితే గాయంలో ఇంత పసుపు అద్దుకుని మళ్లీ గుంపులో కలిసేవాళ్లు. చాలామందికి ఆలూరు, ఆదోనిల్లోనే కుట్లు పడేవి. ప్రాణం మీదికొచ్చిన వాళ్లను కర్నూలులో మా దగ్గరికి తెచ్చేవాళ్లు.

1980లలో నేను నర్సుగా చేరినప్పుడు కేస్‌షీటులో 'మగత' అని రాసేవాళ్లం. ఒకరు మగత అన్నది ఇంకొకరికి నిద్ర, మరొకరికి కోమా. డ్యూటీ మారితే మనిషి తేరుకుంటున్నాడో దిగజారుతున్నాడో తెలిసేది కాదు. ఆ గందరగోళానికి గ్లాస్గోలో టీస్‌డేల్, జెనెట్ అనే వైద్యులు 1974లోనే మందు కనిపెట్టారు. ఇప్పటి లెక్కలో కన్ను తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6; మొత్తం 3 నుంచి 15. "నీ పేరేంది అబ్బీ? ఇది ఏ ఊరు? చెయ్యెత్తు." గంటగంటకూ అవే ప్రశ్నలు. పైసా ఖర్చు లేని ఆ కొలత ఎన్ని ప్రాణాలు కాపాడిందో నేను కళ్లారా చూశాను.

అయినా 15కు 15 వచ్చి ఇంటికెళ్లిన వాళ్లు తిరిగొచ్చేవాళ్లు. బండి మీంచి పడ్డ ప్రొద్దుటూరు వైపు రైతు గురించి ఆయన భార్య అన్న మాట ఇది: "మనిషి బాగుండాడు సిస్టరమ్మా, ధ్యాస లేదు. మోటారేసి మర్చిపోతాడు."

ఆ ధ్యాసను కొలిచే దారి కూడా దెబ్బతిన్న తలల నుంచే మొదలైంది. జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ 1924లో, పుర్రె ఎముక కొంత తీసేసిన రోగుల తలల మీద మెదడు విద్యుత్తును నమోదు చేశాడు. 1929లో ప్రచురించాడు. కళ్లు తెరిచినా, మనసులో లెక్క చేసినా ఆ అలలు మారిపోతాయని గమనించింది ఆయనే. 1965లో శామ్యూల్ సటన్ బృందం ఇంకో అలను పట్టుకుంది. ఒకే రకం బీప్‌ల మధ్య అరుదుగా వేరే బీప్ వినిపిస్తే, శ్రద్ధగా వింటున్న మెదడులో సుమారు 300 మిల్లీసెకన్లకు అది లేస్తుంది. తలదెబ్బ తిన్నవాళ్లలో తరచూ ఆలస్యంగా, చిన్నగా వస్తుంది.

2006లో పెరాన్, లోరేస్ తదితరులు మెదడు తీవ్రంగా దెబ్బతిన్న రోగులకు వాళ్ల పేర్లే వినిపించారు. స్పృహ లేదనుకున్న కొందరి మెదళ్లు కూడా పలికాయి. పలికినంత మాత్రాన తెలివొచ్చిందని కాదు. అయినా 'వీడికేం వినపడదులే' అని మంచం పక్కన ఏదిబడితే అది మాట్లాడకూడదు. తల్లిని కూర్చోబెట్టి పేరుపెట్టి పిలవమనడం ఆ పరిశోధన రాకముందు నుంచీ మా అలవాటు.

అందుకే దేవరగట్టు ఉత్సవంలో పెట్టే వైద్య శిబిరంలో తలకు కుట్టు పడ్డ ప్రతి మనిషి గ్లాస్గో స్కోరూ కాగితం మీద రాసి ఇంటివాళ్లకు ఇవ్వాలి. నెల తర్వాత భార్యనో తల్లినో పిలిచి అడగాలి: చెప్పిన పని గుర్తుంటోందా? చిల్లర సరిగా లెక్కపెడుతున్నాడా? మోటారు ఆపుతున్నాడా?