రంగూను దూరము, చికాగో దూరము

రెండు నగరముల నడుమ దూరమెంత అని అడిగినచో పటము ఒక అంకెను చెప్పును. ప్రయాణికుడు వేరొక అంకెను చెప్పును. ఈ భేదమును గోదావరీతీర ప్రజలు చిరకాలముగా ఎరుగుదురు.

కె.గంగవరము మండలములోని కోటిపల్లి రేవు గౌతమీతీరమున నున్నది. ఆ గౌతమి సముద్రమును చేరు ప్రాంతముననే, ఒకప్పుడు పేరెన్నికగన్న ఓడరేవు కోరంగి కలదు. 1839 నాటి తుపాను పిమ్మట కోరంగి క్షీణింపగా కాకినాడ వృద్ధి పొందెను. ఈ తీరమునుండి వేలాది తెలుగువారు వరికోతలకును, మిల్లులలో పనికిని, రేవుకూలికిని రంగూను, అనగా నేటి యాంగోను, వెళ్లిరి. బర్మావారు తెలుగువారిని కోరంగీలని పిలుచుట అందువలననే.

కాకినాడయు రంగూనును ఇంచుమించు ఒకే అక్షాంశముపై, పదునేడవ డిగ్రీ దరిని, ఉన్నవి. నడుమ సూటిదూరము సుమారు 1,480 కిలోమీటర్లు. గంటకు 18 కిలోమీటర్లు నడచు పొగఓడ ఎచ్చటను ఆగకున్నను మూడు దినములు మించును. నేటి జెట్ విమానమునకు రెండు గంటలు చాలును.

కాని 1941 డిసెంబరులో జపాను విమానములు రంగూనుపై బాంబులు కురిపించెను. 1942 మార్చిలో నగరము జపానువారి వశమయ్యెను. ఓడదారి మూసికొనిపోగా, లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటుచు కాలినడకన స్వదేశమునకు బయలుదేరిరి. త్రోవలో ఆకలికిని, రోగములకును బలియైనవారు అనేకులు. పటముపై దూరము అంగుళమైనను పెరుగలేదు. దారి మాత్రము లేకపోయెను.

ఇక రెండవ కథ. 2021 జనవరి 15న ఎయిరిండియా హైదరాబాదునుండి చికాగోకు నడుమ ఆగని విమానమును ప్రారంభించెను. సూటిదూరము సుమారు 13,280 కిలోమీటర్లు. ప్రయాణము 16 గంటలకు పైబడును. గోళముపై ఈ రెండు నగరములను దారముతో బిగించి కలిపినచో, ఆ దారము పడమటికి గాక ఉత్తరముగా సాగి, 79వ అక్షాంశమువరకు పోయి, ధ్రువమునకు చేరువగా మరలును. శీతకాలమున చికాగో గడియారము మనకంటె పదకొండున్నర గంటలు వెనుక నుండును. కావున ఇచ్చట మధ్యాహ్నము బయలుదేరినవారు అచ్చట అదే సాయంకాలము దిగుదురు. గడియారము అయిదారు గంటలే చూపును. దేహము మాత్రము పదునారు గంటల బడలికను ఎరుగును.

ఆ విమానమును కొంతకాలమునకు నిలిచిపోయెను. నేడు గంగవరమునుండి చికాగో పోవలెనన్నను, ఎనిమిదింట ఒక వంతు దూరమైనను లేని రంగూను పోవలెనన్నను, నడుమ విమానము మారక తప్పదు.

దూరదేశమున బిడ్డలున్న తల్లిదండ్రులు అడుగునది కిలోమీటర్ల లెక్క కాదు. కబురు అందినచో ఎన్ని గంటలలో ఇల్లు చేరగలరని. దానికి సమాధానము పటములో లేదు. నాడు ఓడలు, నేడు విమానములు నడచుచున్నవా, దారి తెరచియున్నదా అనునదియే నిజమైన దూరము.