సుల్తాను చేతిలో మిగిలింది

మలేషియాలో ఇస్లాం అనగానే మన ఊళ్లో ఎవరైనా అడిగే మొదటి మాట, ఏ పాదుషా దండెత్తి వచ్చాడని. మలేషియాకు ఏ దండూ రాలేదు. రుతుపవనాల గాలి పట్టుకుని గుజరాత్, కోరమాండల్, అరబ్బు తీరాల నుంచి వచ్చిన వర్తకులతో, వాళ్ల వెంట వచ్చిన సూఫీలతో ఆ మతం రేవుల్లో దిగింది. 1400 ప్రాంతంలో పరమేశ్వరుడు అనే రాజకుమారుడు మలక్కా రేవును నిలబెట్టాడు. కొద్దికాలానికే అక్కడి పాలకులు ముస్లింలయ్యారు. సరుకుతో వచ్చే ముస్లిం వర్తకులకు ఆ రేవు సొంతిల్లులా తోచింది. రాజుకు సుంకం దక్కింది.

1511లో పోర్చుగీసులు మలక్కాను పట్టుకున్నా మతం పోలేదు, పాత అలవాట్లూ పోలేదు. మన తోలుబొమ్మలాట లాంటి వాయాంగ్ కులిత్‌లో కెలంతాన్ రాష్ట్రంలోని ముస్లిం కళాకారులు తరతరాలుగా రాముడి కథే ఆడారు.

మరి మతచట్టాల్లో ఈనాటి కట్టుదిట్టం ఎక్కడిది? నా లెక్కలో దాని మొదలు 1874లో ఉంది. ఆ ఏడు పంగ్‌కోర్ ఒప్పందంతో పేరాక్ సుల్తాను ఆంగ్లేయ రెసిడెంటు సలహాకు తలొగ్గాల్సి వచ్చింది. మినహాయింపు ఒక్కటే: మలయ్ మతం, ఆచారం. తర్వాత తక్కిన సంస్థానాల్లోనూ ఇదే వరుస. పన్ను, పోలీసు, తోటలు తెల్లవాళ్లవి. మసీదు, ఖాజీ సుల్తానువి. చేతిలో మిగిలిన ఒకే అధికారాన్ని ఏ రాజైనా గట్టిగానే పట్టుకుంటాడు. అలా మతానికి మండళ్లు, చట్టాలు, కచేరీలు పుట్టుకొచ్చాయి.

1957 రాజ్యాంగం ఆ ఏర్పాటునే అందుకుంది. ఇస్లాం సమాఖ్య మతం; ఇతర మతాలను శాంతియుతంగా పాటించుకోవచ్చు. సుల్తానులున్న రాష్ట్రాల్లో మతానికి పెద్ద సుల్తానే. 160వ అధికరణం ప్రకారం మలయ్ అంటే ఇస్లాంను ఆచరిస్తూ, మలయ్ మాట్లాడుతూ, ఆ ఆచారం పాటించేవాడు. అంటే జాతికీ మతానికీ చట్టమే ముడి వేసింది. కెలంతాన్‌లో 1990లో అధికారంలోకి వచ్చిన ఇస్లామిక్ పార్టీ ఆ తర్వాత, తరతరాల వాయాంగ్ కులిత్‌ను కూడా నిషేధించింది. 2019లో షరతులతో సడలించింది.

మలేషియా మతచట్టాల వార్త చదివినప్పుడు అంతా అరేబియా నుంచి వచ్చిందనుకోకండి. అందులో మతం ఎంతో, లండన్ దొరలు వేసిన వాటాల పద్దు కూడా అంతే.