మాట వెనుక కథ: ఒర

కోనసీమ ఇసుక నేలలో నుయ్యి త్రవ్వునపుడు, చుట్టునున్న మన్ను విరిగి లోనపడకుండ ఒకదానిపై నొకటిగా దింపు వలయములను మనవారు ‘ఒర’లందురు, కత్తి తొడుగునకును అదియే పేరు. తమిళమున ‘ఉఱై’ యను సోదరపదమును ఈ రెండర్థములనే మోయుచుండుటచే, లోనిదానిని కాచునదే ఒర యని తోచుచున్నది.

ఈ కాచు గుణమునకు కత్తి ఒర చక్కని నిదర్శనము; హైదరాబాదున 1951లో నెలకొన్న సాలార్‌జంగు మ్యూజియమునందు జపాను ఖడ్గములు కలవు. ఆ దేశపు ఒర పేరు ‘సాయా’. హోనోకి యను మెత్తని కొయ్యను రెండు బద్దలుగా చీల్చి, అలుగు పట్టునట్లు తొలిచి, అన్నపు జిగురుతో అతికింతురు. లోన మాలిన్యము చేరినపుడు శుభ్రపరచుటకై తెరవబోగా కొయ్య చెడకయే అతుకు విడివడును. ప్రాతకత్తులు సేకరించువారు లక్కపూతల ఒరను వేరుగా దాచి, అలుగును పూతలేని ‘షిరసాయా’లో భద్రపరతురు.

ఒక ఒరలో రెండు కత్తులిమడవని మన సామెత. ఈ ఒక్క మాటలో మాత్రము నుయ్యియు కత్తియు చక్కగా ఇమిడినవి.