ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్లకు ట్యూబ్ ఆంప్లిఫయర్

విద్యుదావేశం నింపిన పలుచని ప్లాస్టిక్ పొరను, చిల్లులున్న రెండు ఫలకాల నడుమ ఆడించి ధ్వని పుట్టించే సాధనం ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్. మామూలు హెడ్‌ఫోన్‌లో ఉండే అయస్కాంతం, తీగచుట్ట ఇందులో ఉండవు. తేటదనానికి ఇది పెట్టింది పేరు. మంద్రం పలుచనన్న ఫిర్యాదు కూడా అంతే పాతది. దానికి మందుగా సంగీతప్రియులు ట్యూబ్ ఆంప్లిఫయర్‌ను సూచిస్తుంటారు. పాతకాలపు రేడియో మెకానిక్కులు వాల్వులని పిలిచినవి ఈ ట్యూబులే. ఈ జోడీ బాగా కుదురుతుందన్న మాట నిజమే గానీ, అది కుదరడానికి కారణం వేరు, మంద్రం నిండుగా వినిపించడానికి కారణం వేరు.

పనితీరు

పొర మందం ఒకటి రెండు మైక్రాన్లు ఉంటుంది. అంటే తలవెంట్రుకలో ముప్ఫయ్యో వంతు. దాని మీద బయాస్ అనే స్థిర వోల్టేజి నిలిచి ఉంటుంది. జపాన్‌కు చెందిన స్టాక్స్ కంపెనీ ‘ప్రో’ ప్రమాణంలో ఇది 580 వోల్టులు, పాత నమూనాల్లో 230 వోల్టులు. ఇరుపక్కల ఉన్న ఫలకాలను స్టేటర్లు అంటారు. సంగీత సంకేతం వీటికి ఎదురుబొదురు దశల్లో అందుతుంది. ఒక స్టేటర్ పొరను నెడుతుంటే రెండోది లాగుతుంది.

ఆంప్లిఫయర్ వైపు నుంచి చూస్తే ఈ హెడ్‌ఫోన్ ఒక చిన్న కెపాసిటర్, అంతే. స్టాక్స్ ఎస్ఆర్-009 కెపాసిటెన్సు కేబులుతో కలిపి 110 పికోఫారడ్లు. 10 కిలోహెర్ట్జ్ దగ్గర దాని ఇంపిడెన్సు 145 కిలోఓమ్‌లు. 50 హెర్ట్జ్‌కు దిగేసరికి అది దాదాపు 29 మెగాఓమ్‌లకు ఎక్కుతుంది. మంద్రస్వరాలకు ఈ హెడ్‌ఫోన్ కరెంటు తీసుకోవడం లేదన్నా తప్పులేదు. స్పీకర్ల లోకంలో ఉన్న అలవాటు కొద్దీ ‘బేస్ కావాలంటే పవర్ కావాలి’ అనుకునేవారు ఇక్కడే దారి తప్పుతారు. ఇక్కడ కరెంటు కావలసింది తారస్థాయికి. మంద్రానికి వోల్టేజి చాలు.

ఆ వోల్టేజి కూడా వందల్లో ఉండాలి. ట్యూబుకు అది పుట్టుకతో వచ్చిన విద్య. 6ఎస్ఎన్7 వంటి చిన్న ట్రయోడ్ కూడా రెండు మూడు వందల వోల్టుల సరఫరా మీద సునాయాసంగా పనిచేస్తుంది. ట్రాన్సిస్టర్లతో అదే పని చేయించాలంటే అధిక వోల్టేజిని తట్టుకునే ప్రత్యేక రకాలు వెతుక్కోవాలి. జోడీ కుదరడానికి అసలు కారణం ఇది.

మంద్రం మాట

ట్యూబులు మంద్రానికి ఎక్కువ బలమిస్తాయన్న నమ్మకానికి తయారీదారుల అంకెలే అడ్డొస్తాయి. స్టాక్స్‌లోనే ట్యూబుల ఎస్ఆర్ఎం-007టి గరిష్ఠంగా 340 వోల్టులు ఇస్తే, ట్రాన్సిస్టర్ల ఎస్ఆర్ఎం-727 450 వోల్టులు ఇస్తుంది. రెండింటికీ తేడా దాదాపు రెండున్నర డెసిబెల్స్, అదీ ట్రాన్సిస్టర్ వైపే.

ట్యూబులు రెండో హార్మోనిక్‌ను కలుపుతాయి కనుక 50 హెర్ట్జ్ స్వరానికి 100 తోడై నిండుదనం వస్తుందన్నది తరచుగా వినిపించే వివరణ. సింగిల్ ఎండెడ్ ఆంప్లిఫయర్ల విషయంలో అందులో పస ఉంది. కానీ స్టేటర్లకు ఎదురుదశల్లో సంకేతమిచ్చే ఆంప్లిఫయర్ స్వభావరీత్యా పుష్-పుల్. రెండు పక్కల ట్యూబులు సరిజోడైతే సరిసంఖ్య హార్మోనిక్స్ ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి. జోడు కుదరని ట్యూబులు వేసినప్పుడే ఆ తీపి మిగులుతుంది!

ఇంతకన్నా గట్టి కారణం తారస్థాయిలో దొరుకుతుంది. కొన్ని ట్యూబ్ ఆంప్లిఫయర్ల అవుట్‌పుట్ ఇంపిడెన్సు ఎక్కువ. మొత్తం 50 కిలోఓమ్‌లు ఉందనుకుంటే, 110 పికోఫారడ్లతో కలిసి అది 29 కిలోహెర్ట్జ్ దగ్గర లో-పాస్ ఫిల్టర్‌గా మారుతుంది. అప్పుడు 10 కిలోహెర్ట్జ్ వద్ద అర డెసిబెల్, 20 వద్ద ఒకటిన్నర డెసిబెల్ పైచిలుకు తగ్గుతుంది. పైన మెరుపు కాస్త తగ్గితే కింద బరువు పెరిగినట్టు తోస్తుంది. తంబురా మోతను కొంచెం తగ్గిస్తే మృదంగం ఎడమవైపు గుమ్కీ ముందుకు వచ్చినట్టుండదూ, అలాంటిదే ఇది.

ట్యూబులే మంద్రాన్ని కోసేసే సందర్భాలూ ఉన్నాయి. అవుట్‌పుట్‌లో 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్, దాని వెనక 1 మెగాఓమ్ రెసిస్టర్ పెడితే 16 హెర్ట్జ్ దగ్గరే 3 డెసిబెల్స్ పోతాయి. స్పీకర్ ఆంప్లిఫయర్‌కు స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టె తగిలించి వినే పద్ధతిలో, బిగ్గరగా పెట్టినప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ కోర్ సంతృప్తమై ముందుగా చెడేది మంద్రమే.

నిజానికి మంద్రం పలుచనైతే మొదట చూడాల్సింది చెవిగుల్ల మెత్తలను. అవి చెవి చుట్టూ గాలి చొరబడకుండా అతుక్కుంటేనే పొర కదలిక మంద్ర పీడనంగా మారుతుంది. కళ్లజోడు కాడ వల్ల సందు పడినా, మెత్త అరిగి పల్చబడినా పోయే మంద్రాన్ని ఏ ట్యూబూ తిరిగి తేలేదు. మెత్తల ఖర్చు ఆంప్లిఫయర్ ఖర్చులో ఏ మూలకు?

ప్రసిద్ధ జోడీలు

1938లో మొదలైన స్టాక్స్ తన తొలి ఎలక్ట్రోస్టాటిక్ నమూనా ఎస్ఆర్-1ను 1960లో అమ్మకానికి తెచ్చింది. వీటిని అది హెడ్‌ఫోన్లనదు, ఇయర్‌స్పీకర్లంటుంది. 6ఎఫ్‌క్యూ7 ట్యూబుల ఎస్ఆర్ఎం-టి1 ఈ కంపెనీదే. ఇది పూర్తి ట్యూబ్ ఆంప్లిఫయర్ కాదు. మొదటి అంచెలో ట్రాన్సిస్టర్లు, చివరి అంచెలో ట్యూబులు ఉంటాయి. కెవిన్ గిల్మోర్ రూపొందించిన ‘బ్లూ హవాయి’లో ఈఎల్34 ట్యూబులు వాడారు.

జర్మనీకి చెందిన సెన్‌హైజర్ 1991లో ఓర్ఫియస్ హెచ్ఈ 90ను హెచ్ఈవీ 90 అనే ట్యూబ్ ఆంప్లిఫయర్‌తో జతచేసి, మూడు వందల సెట్లే చేసింది. 2015లో ప్రకటించిన హెచ్ఈ 1లో కరారా పాలరాతి పెట్టెలోంచి ఎనిమిది ట్యూబులు పైకి లేస్తాయి. చూసేవారి కళ్లు వాటి మీదే ఉంటాయి గానీ, చివరి అంచె ట్రాన్సిస్టర్లను మాత్రం చెవిగుల్లల్లోనే అమర్చారు. కేబుల్ కెపాసిటెన్సును నడిపే బరువు ట్యూబుల మీద పడకుండా చేసిన ఏర్పాటిది.

నిర్వహణ

ట్యూబులు ముసలివయ్యే కొద్దీ స్టేటర్ల మీద డీసీ వోల్టేజి సున్నా నుంచి జరుగుతుంది. పొర ఒక పక్కకు ఒరిగి, కదలడానికి చోటు తగ్గుతుంది. అందుకే ట్యూబులు మార్చినప్పుడల్లా బ్యాలెన్సు, ఆఫ్‌సెట్ మీటలను మీటరు పెట్టి సరిచేయాలి. ఈ పని మూత తీసి, కరెంటు ఉండగానే చేయాల్సింది కాబట్టి తెలిసినవారికే వదిలేయాలి. ప్లగ్గు పీకాక కూడా లోపలి కెపాసిటర్లు ప్రాణం తీసేంత చార్జిని కొంతసేపు పట్టి ఉంచుతాయి.