కాలిన గాయానికి తేనె, అరటాకు, దానమిచ్చిన చర్మం: ఏది ఎప్పుడు?

మలక్‌పేట ఇళ్ళల్లో కాలిన గాయం అంటే చాలాసార్లు వంటింటి గాయమే. దమ్ తీసినప్పుడు ఎగిసే ఆవిరి, కాగే నూనె, పసిపిల్లల మీద ఒలికే చాయ్. వెంటనే ఒకరు టూత్‌పేస్ట్ తెస్తారు, ఇంకొకరు తేనె సీసా తెస్తారు. కానీ ముందు కావాల్సింది నీళ్ళు. కాలిన చోట 20 నిమిషాలు కుళాయి నీళ్ళు పోయాలి. ఐసు వద్దు. గాజులు, ఉంగరాలు తీసేసి, శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. గాయం పెద్దదైతే 108కి ఫోన్ చేయాలి.

చర్మం కాలిపోతే ఒంట్లో నీరు బయటికి పోతుంది, క్రిములు లోపలికి వస్తాయి. ఈ రెండింటినీ ఆపడమే కట్టు పని.

తేనె: షోలాపూర్ వైద్యుడు ఎం. సుబ్రహ్మణ్యం 104 మంది మీద చేసిన పరిశోధన 1991లో అచ్చయింది. పైపైన కాలిన గాయాలు సిల్వర్ సల్ఫాడయజిన్ మందు కన్నా తేనె కట్టుతో త్వరగా మానాయని అందులో తేలింది. అయితే ఒక మోస్తరు కాలిన గాయాలకు తేనె కన్నా తొందరగా ఆపరేషన్ చేసి చర్మం అతకడమే మేలని 1999లో ఆయనే రాశారు. ఆసుపత్రిలో వాడేది క్రిములు లేకుండా శుద్ధి చేసిన తేనె. ఇంట్లో సీసాలో ఉన్నది అలాంటిది కాదు.

ఆలుగడ్డ తొక్క, అరటాకు: ఉడికించిన ఆలుగడ్డ తొక్కల్ని గాజుగుడ్డకు అతికించి చేసే కట్టును ముంబైలో డాక్టర్ కేస్వానీ వాడారు. అరటాకు కట్టు కూడా మహారాష్ట్ర వైద్యులు పరీక్షించిందే. ఇవి చవక. గాయానికి అంటుకోవు కాబట్టి కట్టు మార్చేటప్పుడు నొప్పి తక్కువ. కానీ వీటినీ ఆసుపత్రిలో ఆవిరితో శుద్ధి చేశాకే వాడతారు.

మాయ పొర, కొల్లాజెన్, చర్మం: కాన్పులో వచ్చే మాయ నుంచి తీసిన పలుచటి పొరను పరీక్షలు చేసి గాయం మీద కప్పుతారు. కొల్లాజెన్ షీట్లు జంతువుల కణజాలం నుంచి తయారవుతాయి. ఒళ్ళు చాలా భాగం కాలినవారికి దానమిచ్చిన చర్మం కొన్ని వారాలు రక్షణగా నిలుస్తుంది. చాదర్‌ఘాట్ వంతెన దాటి వెళ్తే వచ్చే ఉస్మానియా ఆసుపత్రిలో 2021లో స్కిన్ బ్యాంక్ మొదలైంది. మరణించిన 6 గంటల్లోపు చర్మం తీసుకోవాలి. రక్తం గ్రూపు కలవాల్సిన పని లేదు.

షీటు ఏ జంతువుదో అనే సందేహం కొన్ని కుటుంబాలకు ఉంటుంది. కట్టు వేసే ముందే డాక్టర్‌ని అడగవచ్చు, వేరే రకం ఉందేమో కనుక్కోవచ్చు. చర్మదానం గురించి ఇంట్లో పెద్దలతో, ఆలిమ్‌తో ముందుగానే మాట్లాడుకుంటే మంచిది. ఆ 6 గంటల్లో అంత తీరిక దొరకదు.