ఒంటికి గురువు

"ఎన్ని కిలోలు తగ్గాలనుకుంటున్నారు మేడమ్? ఎప్పటికల్లా?"

మా కాలనీ చివర కొత్తగా తెరిచిన జిమ్ములో అడుగుపెట్టిన రోజు అక్కడి ట్రైనర్ నన్నడిగినవి ఈ రెండు ప్రశ్నలే. పాతికేళ్ల కుర్రాడు, మర్యాదస్తుడే. ఇంట్లో ఎవరిదో పెళ్లి దగ్గరపడితే తప్ప నా ఈడు ఆడవాళ్లు అక్కడికి రారని అతనికి అనుభవం నేర్పినట్టుంది. నా బాధ కిలోలది కాదు. థీసిస్ రాసిన ఆరేళ్లలో వంగిపోయిన నడుము, సిజేరియన్ అయి ఏడాది దాటినా బిగువు రాని పొట్ట, పిల్లను ఎత్తుకుంటే వణికే చేతులు. ఇవి అతను అడగలేదు, నేను చెప్పలేదు. చెప్పాలని నాకు తెలియలేదు. ఆరువారాలు క్రంచెస్ చేయించాడు. ఏడోవారం ఉయ్యాల్లోంచి పిల్లను తీయబోయి, లేవలేక అక్కడే కూలబడ్డాను. కాన్పుతో పొట్ట కండరాలు మధ్యలో విడిపోయి దూరమయ్యాయనీ, ఆ స్థితిలో అలాంటి వ్యాయామం మేలుకన్నా కీడే చేస్తుందనీ ఫిజియోథెరపిస్టు చెప్పింది. నాలుగు నెలలు నా పిల్లను నేను ఎత్తుకోలేదు. ఇంకొకరు ఎత్తి ఒళ్లో పెడితే పుచ్చుకున్నాను.

ఇప్పుడు మళ్లీ ట్రైనర్‌ని పెట్టుకోవాలా, పెట్టుకుంటే ఎవరిని అన్న ప్రశ్న ముందుకొచ్చింది. సాహిత్యం చదువుకున్నదాన్ని కాబట్టి ప్రశ్న రాగానే పుస్తకాల్లోకి పారిపోవడం నా రోగం. ఈసారి ఆ పారిపోవడం వృథా కాలేదు.

'ఎల్లో వాల్‌పేపర్' కథను ఎం.ఏ. విద్యార్థులకు ఎన్నోసార్లు పాఠం చెప్పాను. షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో అచ్చువేసిన ఆ కథలో, విశ్రాంతి పేరుతో గదిలో బంధించబడ్డ స్త్రీ గోడకాగితం వెనక ఇంకో స్త్రీని చూస్తుంది. పిచ్చి, పితృస్వామ్యం, వైద్యశాస్త్రపు అధికారం, రాత హక్కు – అన్నీ చెప్పాను. ఒక్క సంగతి మాత్రం నేనే గమనించలేదు. ఆ కథ రాసినావిడ ఒకప్పుడు వ్యాయామశాల మనిషి.

1881లో, ఇరవయ్యొకటో ఏట, ప్రావిడెన్స్ నగరంలో ఆడవాళ్ల కోసం ఒక వ్యాయామశాల తెరిపించడంలో షార్లెట్ చేయి ఉంది. విలియం బ్లేకీ 1879లో రాసిన దేహబలం పుస్తకం ఆమెకు పారాయణ గ్రంథం. డాక్టర్ జాన్ బ్రూక్స్ అనే ఆయన్ని ఒప్పించి, చేరే ఆడవాళ్లను పోగుచేసి, దాన్ని నిలబెట్టారు. ట్రైనర్ తనని ఎంచుకోవడం కాదు, తానే వెతికి పట్టుకుంది. తాడు ఎగబాకడం, రింగులకు వేలాడడం, పరుగులు – ఆ రోజుల గురించి తన ఆత్మకథలో ముసలితనంలో కూడా గర్వంగా రాసుకుంది. తర్వాత 1884లో పెళ్లి, 1885లో కూతురు, కాన్పు తర్వాత కమ్ముకున్న దిగులు. 1887లో ఫిలడెల్ఫియాలో డాక్టర్ వెయిర్ మిచెల్ దగ్గర ఆమెకు జరిగింది 'విశ్రాంతి చికిత్స': మంచం దిగకూడదు, కొవ్వు తిండి తినాలి, ఇంకొకరు ఒళ్లు పిసకాలి. ఇంటికి పంపేటప్పుడు చేసిన హితబోధ: ఎప్పుడూ పిల్లని దగ్గర పెట్టుకో, రోజుకు రెండు గంటలకు మించి బుద్ధికి పని చెప్పకు, కలం, కుంచె బతికుండగా ముట్టకు.

అదే మిచెల్ 1885లో, నరాల బలహీనతతో తన దగ్గరికొచ్చిన ఓవెన్ విస్టర్‌ని వ్యోమింగ్‌కు పంపాడు. గుర్రమెక్కు, వేటాడు, ఆరుబయట బతుకు అని. ఆ మగవాడు తిరిగొచ్చి 1902లో 'ది వర్జీనియన్' అనే కౌబాయ్ నవల రాశాడు. ఒకే వైద్యుడు, ఇంచుమించు ఒకే జబ్బు. మగవాడికి గుర్రం, ఆడదానికి మంచం. ఆ కథను ఇన్నేళ్లు చదివి కూడా, నాయిక గదిలో పాకుతూ తిరిగే చివరి దృశ్యం దగ్గర రింగులకు వేలాడిన అమ్మాయి నాకు గుర్తుకు రాలేదంటే లోపం నా చదువుదే. మనసు గురించి అన్ని పేజీలు రాసినవాళ్లం ఆమె ఒంటి గురించి అడగలేదు.

ఈ మంచం ఒక్క మిచెల్ వేసింది కాదు. 1873లో హార్వర్డ్‌కు చెందిన ఎడ్వర్డ్ క్లార్క్ అనే వైద్యుడు, ఆడపిల్లలు మగపిల్లల్లా చదివితే గర్భాశయానికి చేరాల్సిన శక్తి మెదడు లాగేసుకుంటుందని ఒక పుస్తకమే రాశాడు. దానికి ఎందరో కోపంగా జవాబిచ్చారు. మేరీ పట్నమ్ జాకోబీ అనే డాక్టరు మాత్రం కోపాన్ని పక్కనపెట్టి వెయ్యి ప్రశ్నపత్రాలు పంచింది. నెలసరి రోజుల్లో మీకు నొప్పి ఉంటుందా, ఎంత, పని మానేస్తారా అని అడిగింది. 268 మంది జవాబిచ్చారు. కొందరి నాడిని, కండబలాన్ని నెల పొడుగునా కొలిచింది. ఆ రోజుల్లో ఆడవాళ్లందరూ పడుకునే ఉండాలనడానికి ఆధారం లేదని తేల్చింది. ఆ వ్యాసానికి 1876లో హార్వర్డ్ వాళ్ల బాయిల్‌స్టన్ బహుమతే వచ్చింది. నన్ను ఆకట్టుకున్నది బహుమతి కాదు, పద్ధతి. క్లార్క్ చెప్పాడు, జాకోబీ అడిగింది.

మా గవర్నమెంటు బాలికల హైస్కూల్లో డ్రిల్లు పీరియడ్ వచ్చిందంటే 'ఆ రోజుల్లో' ఉన్నవాళ్లంతా వేపచెట్టు కింద కూర్చోవాలి. డ్రిల్లు టీచరే ఆ నియమం పెట్టింది. మా మీద జాలితోనే పెట్టింది, కాదనను. కానీ చెట్టు కింద ఎవరు కూర్చున్నారో బడంతా చూసేది. అవమానం భరించలేక నొప్పిలోనూ పరుగెత్తినవాళ్లం ఉన్నాం, నొప్పి లేకపోయినా అలవాటుగా కూర్చున్నవాళ్లం ఉన్నాం. క్లార్క్ పేరు ఆవిడ విని ఉండదు. నీకెలా ఉంది అని ఒక్కొక్కరిని అడిగి ఉంటే సరిపోయేది.

ఒక్కొక్కరికి విడిగా వ్యాయామం నిర్ణయించడమన్న ఆలోచనను ఆ కాలంలో పట్టుదలగా ఆచరించినవాడు డడ్లీ సార్జెంట్. కుర్రతనంలో సర్కస్ ఫీట్లు చేసి, తర్వాత వైద్యం చదివి, హార్వర్డ్ వ్యాయామశాలకు అధిపతి అయ్యాడు. 1881లో కేంబ్రిడ్జిలో ఆడవాళ్లకు శిక్షణ మొదలుపెట్టాడు. వచ్చిన ప్రతి మనిషి ఛాతీ, భుజం, పిక్క, ఊపిరి కొలిచి, ఎక్కడ బలహీనత ఉందో చూసి, ఆ మనిషికి తగ్గ కసరత్తు రాసిచ్చేవాడు. బరువులు తగ్గించుకోను, పెంచుకోను వీలున్న కప్పీ యంత్రాలు వాడేవాడు. వస్తాదు బరువు అందరి ముందూ పెట్టడం కాకుండా, మనిషిని బట్టి బరువు మార్చడం అన్నమాట. ఈనాడు ట్రైనర్ అనే వృత్తికి అర్థం ఇదే.

కానీ ఇక్కడే నాకు గుండె గుబుక్కుమంటుంది. అలా కొలిచిన వేలమంది విద్యార్థుల కొలతల సగటుతో 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో రెండు విగ్రహాలు నిలబెట్టారు – సగటు అమెరికన్ యువకుడు, సగటు అమెరికన్ యువతి. ఒక మనిషికి ఏం కావాలో తెలుసుకోవడానికి పట్టిన టేపు, మనుషులందరూ ఎలా ఉండాలో చెప్పే టేపుగా మారడానికి పన్నెండేళ్లు పట్టింది. విగ్రహం ముందు నిలబడ్డ ఆడవాళ్లు తమ నడుము తడుముకోకుండా ఉండి ఉంటారా? మేలైన జాతి, మేలైన దేహం అన్న మాటలు కూడా ఆ గాలిలోనే తిరిగాయి. గిల్మన్ కూడా వాటికి అతీతురాలు కాదు. తర్వాత రాతల్లో నల్లవాళ్ల గురించీ, వలస వచ్చినవాళ్ల గురించీ ఆమె అన్న మాటలు చదివితే తలదించుకోవాల్సి వస్తుంది. మన అభిమాన రచయిత్రుల జాబితాలో ఆమెను ఉంచుకుంటూ ఈ మాట దాటేయడం నిజాయితీ కాదు.

అట్లాంటిక్‌కు అవతల ఇదే కాలంలో మార్టినా బెర్గ్‌మాన్-ఆస్టర్‌బర్గ్ అనే స్వీడిష్ స్త్రీ 1885లో లండన్ హాంప్‌స్టెడ్‌లో ఆడపిల్లల కోసం వ్యాయామ ఉపాధ్యాయినుల కళాశాల పెట్టింది. అది 1895లో డార్ట్‌ఫర్డ్‌కు మారింది. ఆమె విద్యార్థినులు కాళ్లూచేతులూ ఆడించడమే కాదు, శరీర నిర్మాణశాస్త్రం, శరీరధర్మశాస్త్రం చదవాలి. చదివినవాళ్లకు జీతం, హోదా ఉండే ఉద్యోగం దొరికింది. ఒళ్లు కదిలించడం నేర్పడం ఒక విద్య అనీ, ఆ విద్యతో ఆడది సొంత కాళ్ల మీద బతకొచ్చనీ స్థిరపడింది.

ఎడిత్ గారడ్ కథ ఇంకా ముచ్చటైనది. నాలుగడుగుల పదకొండంగుళాల మనిషి. లండన్‌లో జుజుత్సు నేర్పేది. 1913లో, నిరాహారదీక్షతో నీరసించిన ఓటు హక్కు ఉద్యమకారిణులను వదిలి మళ్లీ పట్టుకునే చట్టం వచ్చినప్పుడు, ఎమ్మెలిన్ పాంక్‌హర్స్ట్ చుట్టూ నిలబడే మహిళా అంగరక్షక దళానికి రహస్యంగా శిక్షణ ఇచ్చింది. పోలీసు ఎంత లావైతే అంత గట్టిగా పడతాడన్నదే ఆ విద్య సారం. ఆమె దగ్గరికి వెళ్లినవాళ్లను ఎన్ని కిలోలు తగ్గుతారని ఎవరూ అడిగి ఉండరు.

మన దేశంలో? 1900ల తొలి ఏళ్లలో కలకత్తాలో సరళాదేవి చౌధురాణి తమ ఇంటి ఆవరణలో అఖాడా పెట్టి, కత్తి, కర్రసాము నేర్పడానికి ముర్తజా అనే ఉస్తాదును కుదిర్చింది. వెతికింది, కుదిర్చింది, నడిపింది ఒక స్త్రీ. నేర్చుకున్నది బెంగాలీ యువకులు. పిరికివాళ్లన్న నింద మగజాతికి తుడిచిపెట్టాలన్నది ఆమె తపన. ఆ అఖాడా గడప దగ్గర నిలబడి చూస్తున్న ఆడపిల్లల గురించి ఆలోచించకుండా ఉండలేను. తర్వాత 1929లో రవీంద్రుడు జపాను నుంచి షింజో తకగాకిని శాంతినికేతన్‌కు రప్పించినప్పుడు, జూడో నేర్చుకున్నవాళ్లలో అమ్మాయిలూ ఉన్నారు. అమర్త్య సేన్ తల్లి అమితా సేన్ అలా శాంతినికేతన్‌లో జూడో నేర్చుకున్నావిడే.

మన తెలుగునేల మీద ఈ ప్రశ్నకు పెద్ద జవాబు ఊసవానిపేటది. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ఊరి పిల్ల కరణం మల్లేశ్వరి, నీలంశెట్టి అప్పన్న దగ్గర బరువులెత్తడం నేర్చి, 2000లో సిడ్నీలో 110, 130 – మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం పొందిన మొదటి భారతీయ మహిళ. చివరి ప్రయత్నంలో 137.5 పెట్టారు, లేవలేదు. స్వర్ణం, రజతం రెండూ 242.5 దగ్గర తేలాయి. ఆ చివరి బరువు లెక్క సరైనదేనా అన్న చర్చ ఆ తర్వాతా వినబడింది. బరువు ఎత్తేది ఒకరైనప్పుడు, ఎంత ఎత్తాలో నిర్ణయించేది ఎవరన్న ప్రశ్న ఒలింపిక్ వేదిక మీదా ఉంది, మా కాలనీ జిమ్ములోనూ ఉంది.

ఇంకో ప్రశ్న దాటవేయలేను. ట్రైనర్ ఆడవాళ్లే అయి ఉండాలా? 2024లో ఉత్తరప్రదేశ్ మహిళా కమిషన్ ఆడవాళ్లు వెళ్లే జిమ్ముల్లో మహిళా ట్రైనర్లు ఉండాలనీ, మగ దర్జీలు ఆడవాళ్ల కొలతలు తీయకూడదనీ ప్రతిపాదించింది. నా మటుకు నాకు ఆడమనిషే కావాలి. చెప్పుకోగలుగుతాను కాబట్టి. కానీ నా ఇష్టం ఒకటి, కమిషన్ నియమం ఒకటి. మహిళా ట్రైనర్లు లేని ఊళ్లో ఆ నియమానికి అర్థం ఆడవాళ్లు ఇంట్లో ఉండమనే. తాకేముందు అడగడం మగవాడికైనా ఆడదానికైనా నేర్పాల్సిన విద్య. ఆ నేర్పే పని మానేసి తలుపు మూయడం క్లార్క్ నాటి తెలివి.

డబ్బు మాట కూడా ఉంది. గెస్టు లెక్చరర్ జీతంలో నెలకు ఎనిమిదివేలు ట్రైనర్‌కివ్వడం దుబారా కాదా? మా ఇంట్లో పనిచేసే యాదమ్మక్క వింటే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మోకాళ్లు పోయినయి, నాకూ జెర చెప్పించు బిడ్డా" అంది. రోజంతా బరువులెత్తే మనిషికి వ్యాయామం అక్కర్లేదని మనం ఎంత తేలిగ్గా అనుకుంటాం! చాకిరీ ఒళ్లు అరగదీస్తుంది. అందులో ఏ కండకు ఎంత బరువో ఎవరూ లెక్కవేయరు.

మొత్తానికి ముగ్గురితో మాట్లాడాను. ఒకాయన గోడమీద సర్టిఫికెట్లు చాలా ఉన్నాయి, నా ప్రశ్నలకు మాత్రం ఓపిక లేదు. సర్టిఫికెట్ వద్దని కాదు. మన దగ్గర వైద్యుడికి ఉన్నట్టు ట్రైనర్‌కు లైసెన్సు చట్టం లేదు కాబట్టి ఎక్కడ చదివారు, ఎన్నాళ్లు చదివారు అని మనమే అడగాలి. రెండో ఆవిడ మూడు నెలల్లో కాన్పుకు ముందు రూపం తెప్పిస్తానంది. సార్జెంట్ విగ్రహం కళ్లముందు మెదిలి లేచి వచ్చేశాను.

మూడో అమ్మాయి కరీంనగర్ నుంచి వచ్చింది. వ్యాయామ విద్యలో డిగ్రీ చేసింది, కబడ్డీ ఆడి భుజం విరగ్గొట్టుకుంది. కూర్చోగానే ఒక కాగితం నా ముందు పెట్టింది. గుండెనొప్పి, కళ్లు తిరగడం, కీళ్లనొప్పులు, మందులు – 1970లలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో తయారైన ఏడు ప్రశ్నల పత్రం అది. తర్వాత తన చేతిరాతతో రాసుకున్న మరో కాగితం తీసింది. కాన్పులెన్ని, ఎలా అయ్యాయి, దగ్గితే మూత్రం పడుతుందా, నిద్ర ఎన్ని గంటలు, ఇంట్లో ఎవరు వండుతారు. నెలసరి రోజుల్లో ఏం చేయాలన్నది ఆ పూట మీరే చెప్పాలక్కా అంది. జాకోబీ పేరు ఈమే విని ఉండదు.

ఫిజియోథెరపిస్టు రాసిన చీటీ రెండుసార్లు చదివి, ఆమె నంబరు అడిగి తీసుకుంది. మీతో ఎన్నాళ్లు అవసరం ఉంటుంది అని అడిగాను. నేనడగాల్సిన ప్రశ్నల్లో ఇదే అసలుదని అప్పటికి తెలిసింది.

"ఆరు నెలలు చాలక్కా. తర్వాత మీరే చేసుకోవచ్చు. ఇంతకీ మీకు ఏం కావాలి?"

"మా పాప పదమూడు కిలోలు. కింద కూర్చున్నప్పుడు ఎత్తుకుని లేవాలి."

ఆమె లేచి, మూలనున్న బియ్యం బస్తాలాంటి సంచీ తెచ్చి, తెరిచి, ఇసుక తోడటం మొదలుపెట్టింది. "మూడు కిలోలతో మొదలుపెడదామా, ఎక్కువనిపిస్తుందా?" అని అడిగింది.